మిగిలినవాటితో రాత్రి వంట: మీ ప్రశ్నలు, మా వంటింటి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఓపిక ఉండదు, ఫ్రిజ్ తెరిస్తే అన్నీ కాస్త కాస్త ఉంటాయి, ఏదీ ఒక కూరకు చాలదు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, ఈ విషయమే తీసుకున్నాను. నా పుట్టిల్లు కోనసీమ, మెట్టినిల్లు వరంగల్. చాలా ఏళ్ళు ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టల్లో వంటగది చూసుకున్నాను. అక్కడ రోజూ ఏదో ఒకటి మిగిలేది, ఏదో ఒకటి తగ్గేది. కింద చెప్పినవన్నీ నేను చేసి, వడ్డించినవే.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తాను. ఇంటికొచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. మొన్న ఫ్రిజ్‌లో అరచెక్క ఆనపకాయ, నాలుగు బెండకాయలు, ఒక ములక్కాడ, చిన్న గుమ్మడికాయ ముక్క, రెండు టమాటాలు, పొద్దుటి ముద్దపప్పు ఒక గిన్నెడు ఉన్నాయి. ఏం చేయాలో తోచక హోటల్ నుంచి తెప్పించుకున్నాం. ఇలాంటి రోజు ఏం వండాలి? మేం నలుగురం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు రాసిన జాబితా చూస్తే ముక్కల పులుసుకి ఎవరో పనిగట్టుకుని కొనిపెట్టినట్టుంది! గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనంలో దప్పళం అని వడ్డించేది ఇంచుమించు ఇదే. దానికి ఏ కూరగాయా పావుకిలో అక్కర్లేదు. ఒక్కోటి గుప్పెడు ఉంటేనే బాగుంటుంది.

ఇంట్లోకి రాగానే, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేముందే, నిమ్మకాయంత చింతపండు వేడినీళ్ళలో పడేయండి. ఆ ఒక్క పని ముందు చేసుకుంటే మిగతాదంతా అరగంట పని. ఆనపకాయ, గుమ్మడికాయ పెద్ద ముక్కలుగా, ములక్కాడ వేలెడంత పొడవున కోసి, ఒక ఉల్లిపాయ నాలుగు చీలికలు, రెండు పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి, ముక్కలు మునిగేటన్ని నీళ్ళు పోసి మూతపెట్టండి. అది ఉడుకుతుండగా బెండకాయల్ని రెండంగుళాల ముక్కలు చేసి, పక్క పొయ్యి మీద చెంచాడు నూనెలో వేయించండి. నేరుగా పులుసులో వేస్తే జిగురు దిగి పులుసంతా సాగుతుంది.

పులుసు ఎప్పుడు పోయాలన్నది ముఖ్యం. ములక్కాడను గోటితో నొక్కితే లోపలి గుజ్జు మెత్తగా తగలాలి, అప్పుడే పోయాలి. పులుపు ముందే తగిలితే ముక్క బిర్రబిగుసుకుపోతుంది, ఎంతసేపు మరిగించినా మెత్తబడదు. చాలామంది పులుసు గట్టి ముక్కలతో వడ్డించడానికి కారణం ఇదే. ముక్క ఉడికాక టమాటాలు, వేయించిన బెండకాయలు, చింతపండు పులుసు, చెంచాడు కారం, చిన్న బెల్లం ముక్క వేసి మరగనివ్వండి. మొదట్లో చింతపండు పచ్చివాసన ముక్కుకు తగులుతుంటుంది. నురగ తగ్గి, ఆ వాసన పోయి, బెల్లం వాసన పైకి తేలేదాకా పదినిమిషాలు పడుతుంది. తొందరపడకండి.

ఇక మీ పొద్దుటి పప్పు. మామూలుగా పులుసు చిక్కబడడానికి బియ్యప్పిండో శనగపిండో కలిపి పోస్తాం. మీకు ఆ అవసరం లేదు. పప్పును అరగ్లాసు నీళ్ళతో మెదిపి పోసేయండి. చివర్న తిరగమోత: ఆవాలు, పావుచెంచా మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. మెంతులు ఎర్రబడగానే దించాలి, నల్లబడితే పులుసంతా చేదే. తిరగమోత గిన్నెలో పడగానే మూతపెట్టండి. ఆ ఇంగువ వాసన బయటికి పోకూడదు.

వంకాయ, చిలగడదుంప కూడా ఇందులోకి బాగుంటాయి. చిలగడదుంప ఉంటే బెల్లం తగ్గించండి. కాకరకాయ, క్యాబేజీ, బీట్‌రూట్ మాత్రం వద్దు. ఒకటి చేదు దింపుతుంది, ఒకటి వాసన దింపుతుంది, ఒకటి రంగు దింపుతుంది.

ఇంకో మాట, ఇది అందరికీ. మిగిలినవాటితో వంట చేసేటప్పుడు మనం ముందు కూరగాయల డబ్బా తెరుస్తాం. నేనైతే ముందు పులుపు ఏముందో చూడమంటాను. చింతపండా, పుల్లటి పెరుగా, టమాటాలా, నిమ్మకాయా, మామిడికాయా, ఊరగాయ జాడీ అడుగున గోంగూరా? పులుపు తేలిందంటే వంట ఏదో దానంతటదే తేలిపోతుంది. చింతపండుంటే పులుసు, పెరుగుంటే మజ్జిగపులుసు, నిమ్మకాయుంటే పులిహోర. ఒకసారి వండి చల్లారిన కూరలో పోపు వాసన పోతుంది, రుచి మందగిస్తుంది. దానికి మళ్ళీ కారం దట్టిస్తే మంట పెరుగుతుందే తప్ప రుచి రాదు. కాస్త పులుపు, అప్పటికప్పుడు వేసిన తిరగమోత పడితేనే మళ్ళీ నాలుకకు తగులుతుంది. మన పెద్దవాళ్ళు మిగిలిన అన్నంతో చేసినవన్నీ గుర్తు చేసుకోండి. పులిహోర, దద్దోజనం, మజ్జిగన్నం. అన్నిట్లోనూ పులుపే ఉంది.

ప్రశ్న: మా అత్తయ్యగారు రాత్రి అన్నం పొద్దున చద్దన్నంగా తినడం ఒంటికి మంచిదంటారు. మా అబ్బాయి ఏదో వీడియో చూసి, మిగిలిన అన్నం విషమని, తాకనంటున్నాడు. పొద్దుటి అన్నాన్ని రాత్రి వాడుకోవచ్చా, లేదా? ఇంట్లో రోజూ ఇదే వాదన.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముందమ్మా. ఎవరినీ నొప్పించనక్కర్లేదు.

మీ అబ్బాయి భయపడేది బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గురించి అయ్యుంటుంది. దాని బీజాలు బియ్యంలో సహజంగానే ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. అప్పుడు తయారయ్యే విషపదార్థంలో ఒక రకం, మళ్ళీ వేడిచేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి వాటికి అనువైనది. మన వేసవిలో వంటగదే 35 డిగ్రీలు దాటుతుంది కదా. కుక్కర్‌లో మూతపెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేసిన అన్నాన్ని ఎంత వేడిచేసినా నమ్మకండి. అది పారేయాల్సిందే. నాకూ మనసొప్పదు, అయినా అదే చెప్తాను.

అలాగని మిగిలిన అన్నమంతా విషం కాదు. అందరూ తినడం అయ్యాక మిగిలింది వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పరచండి. ఆవిరి పోయాక, గంటలోపే, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేయండి. మర్నాటిలోపు వాడేయండి. ఒకసారి వేడిచేసింది మళ్ళీ దాచకండి. ఈ పద్ధతి పాటిస్తే మీ అబ్బాయి నిశ్చింతగా తినొచ్చు.

చద్దన్నం విషయానికొస్తే, పెద్దవాళ్ళు అన్నాన్ని ఊరికే వదిలేసేవాళ్ళు కాదు. నీళ్ళో మజ్జిగో పోసి, కుండలో పులియనిచ్చేవాళ్ళు. పెరుగు పులిసినట్టే అదీ పులుస్తుంది, ఆ పులుపు చెడ్డ బ్యాక్టీరియాను పెరగనివ్వదు. మా అమ్మగారింట్లో తరవాణి కుండ ఉండేది, దాని పక్కనే ఆవకాయ. మీ అత్తయ్యగారి కోసం నా సలహా: రాత్రి అన్నం వేడి తగ్గగానే, గోరువెచ్చటి పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేసి, మూతపెట్టండి. పొద్దున్నే పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినడానికి అంతకన్నా ఏం కావాలి? ఆవిడ కోరుకునే రుచి ఉంటుంది, మీ అబ్బాయికీ భయం ఉండదు. వేసవిలో అయితే తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టండి.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడిందని చాలామంది విసుక్కుంటారు. చల్లబడితే అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుంటుంది, అంతే. పులిహోరకు మనకు కావాల్సింది సరిగ్గా ఆ పొడిపొడితనమే. చేత్తో ఉండలు విడదీసి, నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి బాగా వేడెక్కనిచ్చి, తర్వాత పోపు కలపండి. నిమ్మరసం మాత్రం పొయ్యి ఆపాక పిండాలి. పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుంది. మామిడికాయల రోజుల్లో పుల్లటి కాయ తురిమి పోపులో రెండు నిమిషాలు మగ్గించి కలపండి. ఓపికుంటే చెంచాడు ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు నూరి ఆవ పెట్టండి. గోదావరి వాళ్ళకు ఆవ లేని పులిహోర సగం పులిహోరే.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. రూమ్‌లో నలుగురం. ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండేవి టోర్టియాలు, కొన్న రోస్ట్ చికెన్‌లో మిగిలిన సగం, ఫ్రోజెన్ కూరగాయల ప్యాకెట్, తెరిచి పెట్టిన పెరుగు డబ్బా. వీటితో మన రుచి వచ్చే రాత్రి భోజనం ఏదైనా ఉందా? ఎన్నాళ్ళ దాకా తినొచ్చో కూడా చెప్పండి.
– ఒక విద్యార్థి, డాలస్

జవాబు: బాబూ, ముందు నీ రెండో ప్రశ్న. మీరుంటున్న దేశపు వ్యవసాయ శాఖే దీనికి లెక్క చెప్పింది. వండింది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో పెట్టింది మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. మళ్ళీ వేడిచేసినప్పుడు 74 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే మీ ఫారన్‌హీట్ లెక్కలో 165కి, చేరాలి. రోస్ట్ చికెన్ తెచ్చిన రోజే డబ్బా మీద తారీఖు రాసిపెట్టండి. నలుగురున్న రూమ్‌లో ఎవరు ఎప్పుడు తెచ్చారో ఎవరికీ గుర్తుండదు.

టోర్టియాలంటే సన్నటి చపాతీలే కదా. నాలుగైదు ఒకదానిమీద ఒకటి పెట్టి, కత్తెరతో వేలెడు వెడల్పున పేలికలుగా కోయి. నూనెలో జీలకర్ర, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేయించి, చీల్చిన చికెన్, గరం మసాలా వేసి వేడెక్కనివ్వు. రెండు గుడ్లు కొట్టిపోసి కలిపి, గుడ్డు పూర్తిగా ఉడికాక పేలికలు వేసి పెద్ద మంట మీద కలుపు. దించి నిమ్మరసం పిండు. రోడ్డు పక్క బండి మీద కొత్తు పరోటా తిన్నవాళ్ళకు ఆ రుచి వెంటనే తెలుస్తుంది.

పెరుగు డబ్బా పుల్లబడిందని పారేయకు, మజ్జిగపులుసు పెట్టుకో. బూజు కనిపిస్తే మాత్రం వెంటనే చెత్తబుట్టలో వేసెయ్. రెండు కప్పుల పెరుగులో రెండు చెంచాల శనగపిండి, పసుపు, ఉప్పు ఉండల్లేకుండా గిలకొట్టి, రెండు కప్పుల నీళ్ళు కలుపు. ఫ్రోజెన్ కూరగాయలు, పాలకూర ఉంటే అదీ, కొద్ది నీళ్ళలో పచ్చిమిర్చి, అల్లంతో ఉడికించి, ఈ మజ్జిగ పోయి. సన్న మంట మీద మొదటి పొంగు వచ్చేదాకా గరిటె ఆపకు. ఆపితే విరిగిపోతుంది. శనగపిండి వేసేది చిక్కదనానికే కాదు, విరగకుండా పట్టి ఉంచడానికి కూడా. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి పోపు వేస్తే వేడి అన్నంలోకి నలుగురికీ సరిపోతుంది.

ప్రశ్న: దోసెల పిండి నాలుగో రోజుకి బాగా పులిసింది. దోసెలు వేస్తే ఇంట్లో ఎవరూ తినడం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: విజయవాడలో ఉండి నన్ను అడుగుతున్నారా? పుణుగులే! కాకపోతే రాత్రిపూట మూకుడు నిండా నూనె ఎందుకనుకుంటే గుంత పొంగనాలు వేయండి. రెండు కప్పుల పిండికి పావు కప్పు బొంబాయి రవ్వ కలిపి పావుగంట ఉంచితే పులుపు విరుగుతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, జీలకర్ర, మిగిలిన క్యారెట్ తురుము ఏదున్నా కలపొచ్చు. నంజుకోవడానికి అల్లం పచ్చడి.

ప్రశ్న: అక్కా, నా భార్య నర్సు. వారంలో మూడు రాత్రులు డ్యూటీ ఉంటుంది. ఆ రోజుల్లో వంట నాదే. మధ్యాహ్నం కూర వేడిచేసి పెడితే పిల్లలిద్దరూ ప్లేటు పక్కకు నెడుతున్నారు. వేడిచేయడం తప్ప నాకు పెద్దగా వంట రాదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ముందుగా నీకు నా అభినందనలు. భార్య డ్యూటీకి వెళ్ళిన రాత్రి బయటి తిండి తెప్పించకుండా పొయ్యి వెలిగించేవాళ్ళు ఉండడం నాకు చాలా సంతోషం.

పిల్లల తప్పేం లేదు. పొద్దున డబ్బాలో, మధ్యాహ్నం కంచంలో చూసిన కూర రాత్రి కూడా అదే రూపంలో కనబడితే పెద్దవాళ్ళకే ముద్ద దిగదు. రూపం మార్చు. ఆలుగడ్డ కూర మిగిలితే గరిటెతో మెదిపి, కాస్త నిమ్మరసం, కొత్తిమీర కలిపి చపాతీ పిండిలో పెట్టి ఒత్తు. లోపల పెట్టి ఒత్తడం రాకపోతే పిండిలోనే కలిపి పిసుకు, అదీ బాగుంటుంది. బెండకాయ వేపుడు మిగిలితే చిలికిన పెరుగులో వేసి పోపు పెట్టు. వంకాయ కూరైతే చింతపండు, రెండు వేయించిన ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో మిక్సీలో కచ్చాపచ్చాగా ఒక్క తిప్పు తిప్పితే రోటి పచ్చడిలాగే ఉంటుంది. పప్పు మిగిలితే టమాటా, చింతపండు వేసి చారు పెట్టు.

అసలు కూరే లేని రాత్రి కోసం నీకొక జంట చెప్తాను. కిచిడి, పచ్చిపులుసు. గ్లాసు బియ్యానికి పావు గ్లాసు ఎర్రపప్పు, రెండు చిటికెల పసుపు, ఉప్పు, ఫ్రిజ్‌లో ఉన్న బఠానీ, క్యారెట్, బీన్స్ ఏదైనా వేసి, మూడు గ్లాసుల నీళ్ళతో కుక్కర్‌లో మూడు విజిల్స్. అది ఉడికేలోపు పచ్చిపులుసు అయిపోతుంది. పొయ్యి మీద పెట్టేది పోపు వరకే. చింతపండు పిసికి రెండు గ్లాసుల పల్చటి పులుసు తీయి. సన్నగా తరిగిన ఉల్లిపాయను ఉప్పుతో చేత్తో నలుపు. ఉల్లిపాయ నీరు వదిలి మెత్తబడాలి, అప్పుడే పులుసులో కలుస్తుంది. రెండు పచ్చిమిర్చి సెగ మీద కాల్చి మెదిపి వేయి. పిల్లలకు ఒకటి చాలు. చెంచాడు బెల్లం, రెండు చెంచాల వేయించి దంచిన నువ్వుల పొడి కలిపి జీలకర్ర, కరివేపాకు పోపు వేయి. మా అత్తగారు ఈ నువ్వుల పొడి సీసాలో ఎప్పుడూ ఉంచేవారు. కోనసీమ నుంచి వచ్చిన నాకు పచ్చిపులుసులో నువ్వులు ఆవిడ దగ్గరే తెలిశాయి. అది లేని పచ్చిపులుసు ఇప్పుడు నాకు వెలితిగా అనిపిస్తుంది.

చపాతీలు మిగిలిన రోజున పిల్లలకు మలీద చేసిపెట్టు. చపాతీల్ని ముక్కలుగా తుంచి మిక్సీలో పొడి చేసి, బెల్లం తురుము, యాలకుల పొడి, వేడి నెయ్యి పోసి ముద్దలు కట్టడమే. సద్దుల బతుకమ్మ రోజు పంచే మలీద తిన్నవాళ్ళే కాబట్టి పిల్లలు కాదనరు.

ప్రశ్న: కొత్తిమీర కాడలు, బీరకాయ తొక్కలు, ముల్లంగి ఆకులు పారేయాలంటే మనసు రావడం లేదు. పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అన్నీ పనికొస్తాయి. కాడలు సన్నగా తరిగి చారులో, పచ్చట్లో. లేత బీరకాయ తొక్క నువ్వులు, ఎండుమిర్చి, చింతపండుతో వేయించి పచ్చడి. ముల్లంగి ఆకు లేతగా ఉంటే పెసరపప్పులో. మందుల వాసన వస్తున్న తొక్కలు మాత్రం వద్దు, బాగా కడిగినా వద్దు.

ప్రశ్న: మా ఇంట్లో చేపల పులుసు చేసిన మర్నాడు ఇంకా బాగుంటుందంటారు. కానీ వేడిచేస్తే ముక్క చితికిపోతోంది. ముక్కలు అయిపోయి ఉత్త పులుసే మిగిలినా పారేయబుద్ధి కాదు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నెల్లూరు చేపల పులుసు, అందులోనూ మామిడికాయ పడింది, పారేయమని ఎవరూ చెప్పరు. పులుపు, ఉప్పు, కారం రాత్రంతా ముక్కలోకి దిగుతాయి కాబట్టే మర్నాడు ఆ రుచి. అయితే వండిన పూటే, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పాత రోజుల్లోలాగా పొయ్యిగట్టు మీద వదిలేయొద్దు.

వేడిచేసేటప్పుడు గరిటె పెట్టకండి. వెడల్పాటి గిన్నెలో ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, పులుసు పోసి, సన్న మంట మీద పెట్టి, మధ్యమధ్యలో రెండు చేతులతో గుడ్డ పట్టి గిన్నెనే గుండ్రంగా తిప్పండి. అంచుల్లోనే కాదు, నడిమధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా ఉంచాలి. ఆ రాత్రికి సరిపడా మాత్రమే వేడిచేయండి, మిగతాది చల్లగానే ఉండనివ్వండి.

ఉత్త పులుసు మిగిలితే అందులో గుడ్లు వేయండి. పులుసు మరుగుతుండగా మంట తగ్గించి, ఒక్కో గుడ్డు చిన్న గిన్నెలోకి కొట్టుకుని, అంచు నుంచి మెల్లగా జారవిడవండి. కదపకుండా మూతపెట్టి ఆరేడు నిమిషాలు ఉంచితే తెల్లసొన గట్టిపడి, పచ్చసొనా ఉడుకుతుంది. గుడ్డు తిననివాళ్ళుంటే వేయించిన వంకాయ ముక్కలో ములక్కాడలో వేసుకోవచ్చు, కానీ చేపల పులుసులోకి గుడ్డుకున్న అందం వాటికి రాదు. అన్నం మాత్రం ఆ పూటకు వేడివేడిగా వండుకోండి.